ఈజిప్టు బొమ్మలు, మన బడిపిల్లలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రాచీన ఈజిప్టు చిత్రకళను ప్రాథమిక తరగతుల పిల్లలకు ఎలా నేర్పాలని అడుగుతూ ఈమధ్య హైదరాబాద్ నుంచి మాకు వరుసగా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో ఉపాధ్యాయులూ ఉన్నారు, తల్లిదండ్రులూ ఉన్నారు. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క అంశానికే కేటాయించి, ఉత్తరాలను కొంత కుదించి జవాబులతో ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి బోధిస్తున్నాను. ఈజిప్టు సమాధుల గోడచిత్రాలను ప్రింటు తీసి చూపించగానే పిల్లలందరూ నవ్వారు. "టీచర్, వీళ్లకు బొమ్మలు వేయడం రాదా? ముఖం ఒకవైపు, ఛాతీ ఒకవైపు, రెండు కాళ్లూ ఒకే కాలు!" అన్నారు. అప్పుడు నాకు సరైన సమాధానం తోచలేదు. వారికి ఏమని చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ పిల్లలు చాలా బాగా చూశారని ముందు వారికే చెప్పండి. ఆ బొమ్మల్లో రెండు పాదాలకూ బొటనవేళ్లు మనవైపే ఉంటాయన్న సంగతి ఎన్నోసార్లు చూసిన పెద్దవారికి కూడా తట్టదు. నవ్వినందుకు వారిని మందలించవలసిన అవసరం లేదు. వారు గమనించినదంతా నిజమే, దానికి కారణం మాత్రం వారు ఊహించినది కాదు.

ఈజిప్టు చిత్రకారుడు శరీరంలోని ఒక్కొక్క భాగాన్నీ, అది ఏ వైపు నుంచి చూస్తే తేలికగా గుర్తుపట్టగలమో, ఆ వైపు నుంచే గీశాడు. నుదురు, ముక్కు, గడ్డం పక్కనుంచి చూసినప్పుడే స్పష్టంగా తెలుస్తాయి కాబట్టి ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. కన్ను ఎదుటినుంచి చూస్తేనే నిండుగా కనిపిస్తుంది కాబట్టి ఆ పక్కముఖంలోనే ఎదుటికన్ను పెట్టాడు. భుజాలు రెండూ కనిపించాలి, చేతులు రెండూ కనిపించాలి, అడుగు ముందుకు పడినట్లు తెలియాలి. ఇంత పట్టుదల ఎందుకంటే సమాధి లోపలి చిత్రాలు చూడవచ్చేవారి కోసం వేసినవి కావు. చనిపోయిన మనిషికి పరలోకంలో ఆహారం, పొలం, పరివారం ఎప్పటికీ లోటు లేకుండా ఉండాలన్న విశ్వాసంతో వేసినవి. ఆ విశ్వాసం ప్రకారం బొమ్మలో దాగిపోయిన చెయ్యి అక్కడ లేని చెయ్యే అవుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలకు ఈ మాట ఎంత త్వరగా అర్థమవుతుందో చూస్తే మీకే సంతోషం కలుగుతుంది.

అయితే దీన్ని ఉపన్యాసంగా చెప్పవద్దు. ముందు ఏ ప్రింటూ చూపకుండా ఒక పని ఇవ్వండి: నాలుగు వైపులా చెట్లు, నీళ్లలో చేపలు, తామరలు, బాతులు ఉన్న చెరువును గీయమనండి. చాలామంది చెరువును పైనుంచి చూసినట్లు గీసి, చేపలనూ బాతులనూ మాత్రం పక్కనుంచి చూసినట్లు వేస్తారు. చెట్లు ఒక గట్టున నిలబడి, మరో గట్టున పడుకొని ఉంటాయి. బొమ్మలు పూర్తయ్యాక, ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నెబామూన్ తోట చిత్రాన్ని చూపించండి. అది ఈజిప్టులోని తీబ్స్ నగరంలో ధాన్యం లెక్కలు చూసే ఒక ఉద్యోగి సమాధి కోసం క్రీ.పూ. 1350 ప్రాంతంలో వేసిన చిత్రం. అందులో చెరువు సరిగ్గా ఇలాగే ఉంటుంది. అంతకుముందు నవ్విన పిల్లలే అప్పుడు తమ కాగితాన్నీ ఆ ప్రింటునూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం మొదలుపెడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దీన్నిబట్టి "ఈజిప్టువారు చిన్నపిల్లల్లా గీసేవారు" అన్న అభిప్రాయం తరగతిలో మిగలనివ్వకండి. పిల్లవాడు తనకు తోచినట్లు గీస్తాడు. ఆ చిత్రకారుడు గురువు దగ్గర ఏళ్ల తరబడి అభ్యాసం చేసి, ఒక కట్టుబాటుకు లోబడి గీశాడు. కావాలనుకుంటే మరో రకంగా గీయగలిగేవాడని చెప్పడానికి అదే నెబామూన్ సమాధిలోని విందు చిత్రం చాలు: అక్కడ కింద కూర్చున్న సంగీతకారిణుల్లో ఇద్దరి ముఖాలు నేరుగా మనవైపే చూస్తూ ఉంటాయి. ఈజిప్టులోనే మైదూమ్ అనే చోట దొరికిన బాతుల చిత్రం అంతకంటే వెయ్యేళ్లకు పైగా పాతది. అందులో ఒక్కొక్క ఈకనూ ఎంత శ్రద్ధగా వేశారో పిల్లలే చెబుతారు. రాజులకూ పెద్దలకూ కట్టుబాటు గట్టిగా ఉండేది, పాటగత్తెలకూ పక్షులకూ కొంత సడలేది. ఎవరి విషయంలో సడలించారు, ఎవరి విషయంలో సడలించలేదు అని పిల్లలను అడగండి. ఆ ప్రశ్న మీద ఒక పిరియడ్ మొత్తం గడిచిపోయినా అది వృథా కాదు.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. ఈజిప్టువారు గోడమీద గళ్లు గీసుకొని బొమ్మలు వేసేవారని చదివాను. అది మూడో తరగతి పిల్లలతో చేయించగలమా? గళ్లు పెడితే వారి స్వేచ్ఛ పోతుందని మా సహోపాధ్యాయులు అంటున్నారు.
— ఒక చిత్రకళోపాధ్యాయుడు, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా చేయించవచ్చు. ఈజిప్టు కళను నేర్పడానికి ఇంతకంటే మంచి దారి మాకు తెలియదు. బంగారు రంగు కాగితంతో ముసుగులు చేయించి పాఠం ముగించే పాఠశాలలు చాలా ఉన్నాయి. వాటివల్ల పిల్లలకు ఈజిప్టు దుస్తులు గుర్తుంటాయి కానీ, ఈజిప్టు చిత్రకారుడు ఎలా ఆలోచించాడో తెలియదు. గళ్లతో గీసినప్పుడు ఆ ఆలోచన వారి చేతికే తెలుస్తుంది.

నిలబడిన మనిషి బొమ్మకు అరికాలి నుంచి నుదుటిమీద జుట్టు మొదలయ్యే గీత వరకు 18 గళ్లు. మోకాలి పైభాగం ఆరో గీత దగ్గర, పిరుదుల కింది అంచు తొమ్మిదో గీత దగ్గర, నడుము పదకొండో గీత దగ్గర, మెడ భుజాలతో కలిసే చోటు పదహారో గీత దగ్గర వస్తాయి. పురుషుడి భుజాల వెడల్పు సుమారు ఆరు గళ్లు ఉంటుంది. కూర్చున్న మనిషికి 14 గళ్లు చాలు. తల పైభాగం, కిరీటం, విగ్గు లెక్కలోకి రావు. ఎందుకంటే అవి మనిషిని బట్టి మారుతాయి. క్రీ.పూ. ఏడో శతాబ్దం నాటికి ఈ లెక్క కొద్దిగా మారి, కనురెప్ప వరకు 21 గళ్లయింది. కానీ పిల్లలకు మొదటి లెక్క ఒక్కటే చెప్పడం మంచిది.

లెక్కల కోసం వాడే గళ్ల నోటుబుక్కు ఇందుకు చక్కగా సరిపోతుంది. మొదటి రోజు బొమ్మ ఏదీ గీయించకుండా, పైన చెప్పిన గీతలను మాత్రమే ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టించండి. రెండో రోజు పాదాలు, మోకాళ్లు, నడుము, భుజాలు ఆ గుర్తులకు తగిలేలా గీయించండి. మూడో రోజు అదే బొమ్మను గోడకు అంటించిన చార్టుమీద పెద్ద గళ్లలో వేయించండి. చిన్న గడిలోని గీత పెద్ద గడిలోకి మారినా మనిషి మనిషిలాగే ఉండడం చూసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు లెక్కల మాస్టారికి కూడా చూపించవలసినది. నిష్పత్తి అన్న పాఠం పై తరగతుల్లో ఎదురైనప్పుడు వారికి అది కొత్తగా అనిపించదు.

గళ్లు ఎలా గీసేవారో కూడా చేసి చూపించండి. ఎర్రమట్టి రంగులో ముంచిన దారాన్ని ఇద్దరు రెండు కొసలా బిగించి పట్టుకుంటే, మధ్యలో లాగి వదలగానే గోడమీద తిన్నని గీత పడేది. మన వడ్రంగులూ మేస్త్రీలూ నేటికీ చేసే పని ఇదే కాబట్టి, తండ్రి మేస్త్రీ పని చేసే పిల్లలెవరైనా తరగతిలో ఉంటే ఈ పాఠంలో వారే ముందుంటారు. ఆ తర్వాత ఒకరు ఎర్రరంగుతో రూపురేఖలు గీసేవారు, వారికంటే అనుభవజ్ఞుడు నల్లరంగుతో వాటిని సరిదిద్దేవాడు, శిల్పి చెక్కేవాడు, మరొకరు రంగులు నింపేవారు. ఫరో (ఈజిప్టు రాజు) హోరెమ్‌హెబ్ సమాధిలో పని మధ్యలోనే ఆగిపోవడంవల్ల ఈ దశలన్నీ గోడమీద ఇప్పటికీ కనిపిస్తాయి. తరగతిలో చూపడానికి ఆ ఫోటోకు సాటివచ్చేది లేదు.

కాబట్టి పిల్లలను నలుగురేసి జట్టుగా కూర్చోబెట్టి, ఒకరు గళ్లు, ఒకరు ఎర్రగీత, ఒకరు నల్లదిద్దుబాటు, ఒకరు రంగు చేసేలా పని పంచండి. రెండో వారం పనులు మార్చండి. ఫరోల సమాధులను చెక్కి, చిత్రించిన కళాకారులు దెయిర్ అల్ మదీనా అనే ఊళ్లో కుటుంబాలతో నివసించేవారు, వారికి జీతం ధాన్యం రూపంలో అందేది. మూడవ రామ్‌సెస్ పాలనలో 29వ ఏట ధాన్యం సమయానికి అందకపోవడంతో వారు పని ఆపి బైఠాయించారు. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. అంత గొప్ప చిత్రాలు వేసినవారికి కూడా ఇంటి దగ్గర పొయ్యి వెలగాలని తెలియడం వారికి మేలు చేస్తుంది.

స్వేచ్ఛ విషయంలో మీ సహోపాధ్యాయుల ఆందోళనను మేము తేలికగా తీసుకోవడం లేదు. ఏడాదంతా గళ్లలోనే గీయిస్తే అది నిజంగానే హాని. కానీ మన శిల్పశాస్త్రాల్లోనూ తాళమానం ఉంది: నవతాళ విగ్రహానికి ముఖం పొడవుకు తొమ్మిది రెట్లు ఎత్తు, తాళానికి 12 అంగుళాల చొప్పున మొత్తం 108 అంగుళాలు (ఇక్కడ అంగుళమంటే ఇంచి కాదు, తాళంలో పన్నెండో వంతు). ఆ కొలతలకు లోబడే మన స్థపతులు ఒకదానితో ఒకటి పోలని వేల విగ్రహాలు చెక్కారు. మీ తరగతిలోనూ ఒకే 18 గళ్లలో ముప్పైమంది గీసిన ముప్పై బొమ్మలను గోడకు అంటించి చూడండి.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు తీసుకువెళ్లి మమ్మీని చూపిస్తామని బడి నుంచి చీటీ పంపారు. పాప భయపడుతుందేమోనని నాకు బెంగగా ఉంది. అయినా మృతదేహాన్ని చూపించడం చిత్రకళ పాఠం ఎలా అవుతుందండీ?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ రెండో ప్రశ్న చాలా సరైనది. మృతదేహం కళాపాఠం కాదు. దాన్ని భద్రపరిచిన తీరు, దానితో పాటు ఉంచే వస్తువులు, వాటిమీద రాసిన బొమ్మలు కళాపాఠానికి పనికివస్తాయి. ఏడేళ్ల పాపకు మమ్మీని చూపించడం అవసరమని మేము అనుకోము. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు, అదీ ముందుగా చెప్పి సిద్ధం చేసిన తర్వాత చూపించవచ్చు.

మ్యూజియం కథనం ప్రకారం ఆ మమ్మీ పేరు నైషు. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో దాన్ని వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు బహూకరించగా, ఆయన 1930లో మ్యూజియంకు ఇచ్చారు. శరీరం పాడవకుండా 2016లో ప్రాణవాయువు లేని గాజుపెట్టెలోకి మార్చారు. పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులు బస్సులోనే ఒక మాట చెప్పాలి: మనం చూడబోయేది బొమ్మను కాదు, ఒకప్పుడు తల్లిదండ్రులతో, పేరుతో బతికిన మనిషిని, అందుకే అక్కడ కేకలు వేయకూడదు, ఫోటో కోసం తోసుకోకూడదు. భయపెట్టే సినిమా కథలు ఆ రోజు ఎవరూ ఎత్తకూడదు. చూడనన్న పిల్లను బలవంతం చేయకూడదు.

మీ పాప వయసు పిల్లలకు మాత్రం సాలార్‌జంగ్ మ్యూజియం మేలు. అక్కడి ఈజిప్టు విభాగంలో టూటన్‌ఖామూన్ అనే ఫరో సింహాసనానికి అచ్చు నకలు ఉంది. అది నకలేనని, అసలుది పురావస్తు పరిశోధకుడు హోవార్డ్ కార్టర్ 1922లో కనుగొన్న సమాధిలో దొరికిందని, అది ఈజిప్టులోనే ఉందని ముందే చెప్పండి. నకలు అని దాచవలసిన పని లేదు. దాని వెన్నుపలకమీది బొమ్మ దగ్గర పాపను తీరికగా నిలబడనివ్వండి. రాజు కులాసాగా కూర్చొని ఉంటాడు, రాణి చెయ్యి చాచి అతని భుజాన్ని తాకుతూ ఉంటుంది, పైన సూర్యబింబం నుంచి దిగివచ్చే కిరణాల చివర చిన్న చిన్న అరచేతులు ఉంటాయి. ఆ అరచేతులను పాపే కనిపెట్టాలి, మీరు చూపించవద్దు. ముఖాలు ఇక్కడా పక్కకే తిరిగి ఉంటాయి కానీ, భార్యాభర్తల మధ్య ఆప్యాయత పాత బొమ్మల్లో కనిపించనంతగా కనిపిస్తుంది. సూర్యబింబాన్ని ఒక్కదాన్నే దైవంగా కొలవాలన్న ఫరో అఖెనాటెన్ కాలంలో వచ్చిన మార్పు అది. అంత వివరం పాపకు ఇప్పుడే అక్కర్లేదు. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియంకు సెలవు.

ప్రశ్న: ఈజిప్టు చిత్రాల్లో మగవారిని ఎర్రగా, ఆడవారిని లేత పసుపుగా వేస్తారు కదా. ఇది చూసి పిల్లలు ఆడవాళ్లు తెల్లగా ఉండాలనే భావన పెంచుకోరా? రంగులు ఏవి వాడించాలి?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మన ఇళ్లలో రంగు గురించి పిల్లలు వినే మాటలు తలచుకుంటే మీ జాగ్రత్త ఎంతో అవసరమైనది. ఆ రంగులు మనుషుల ఒంటి ఛాయను చూసి నమోదు చేసినవి కావని తరగతిలో స్పష్టంగా చెప్పాలి. ఎవరెవరో దూరం నుంచే తెలియడానికి పెట్టుకున్న గుర్తులవి. దీనికి రుజువుగా దేవతల బొమ్మలు చూపించండి: చనిపోయి మళ్లీ లేచిన ఒసిరిస్ మొలకెత్తే పైరు రంగులో పచ్చగానో, నైలునది వరద తెచ్చే ఒండ్రుమట్టి రంగులో నల్లగానో ఉంటాడు, ఆమున్ తరచు నీలంగా ఉంటాడు. నీలిరంగు రాముణ్ణీ కృష్ణుణ్ణీ క్యాలెండర్ల మీద చూస్తూ పెరిగిన మన పిల్లలకు, బొమ్మలోని రంగు ఒంటి రంగు కానక్కర్లేదన్నది వేరుగా వివరించవలసిన పని లేదు. వీలైతే తర్వాతి బొమ్మలో ప్రతి పిల్లా తన కుటుంబానికి తానే రంగుల నియమం ఒకటి పెట్టుకొని, దాన్ని బొమ్మ పక్కన రాయాలని చెప్పండి.

ఇక రంగుల సంగతి. ఈజిప్టువారి ఎరుపు, పసుపు మట్టి నుంచి, నలుపు మసి నుంచి, తెలుపు సున్నపురాయి లేదా జిప్సం నుంచి వచ్చాయి. గడపలకు పూసే జాజు, పొయ్యి మసి, సుద్దపొడి మన దగ్గర సులభంగా దొరుకుతాయి. వాటిని గోడకు పట్టి ఉంచడానికి వారు వాడిన జిగురుల్లో తుమ్మబంక ఒకటి. తెలంగాణ పల్లెల్లో చెరువుగట్ల మీద కనిపించే నల్లతుమ్మ ఈజిప్టులోనూ పెరిగే చెట్టే. ఇసుక, సున్నం, రాగి కలిపి సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చి తయారుచేసిన వారి నీలం, మనిషి కృత్రిమంగా తయారుచేసిన మొట్టమొదటి రంగుల్లో ఒకటిగా పేరుపొందింది. దాన్ని మాత్రం కథగా చెప్పి, పోస్టర్ రంగు చేతికివ్వండి.

ప్రశ్న: ఈజిప్టు లిపిలో పిల్లల పేర్లు రాయించే చార్టులు దొరుకుతున్నాయి. వాటిని వాడవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, మెహదీపట్నం

జవాబు: వాడవచ్చు, రెండు సవరణలతో. ఆ చార్టుల్లో ఇంగ్లీషు అక్షరానికొక బొమ్మ చొప్పున ఇస్తారు. అసలు లిపిలో అచ్చులు సాధారణంగా రాయరు, హల్లులు మాత్రమే రాస్తారు. కాబట్టి పేరును ముందు తెలుగులో రాయించి, గుణింతపు గుర్తులన్నీ తీసివేయించి, మిగిలిన హల్లులకు బొమ్మలు వేయించండి. రమ, రాము, రమ్య దాదాపు ఒకేలా తయారైనప్పుడు, ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ 1822లో ఆ లిపి రహస్యాన్ని విప్పడానికి రాజుల పేర్లతో ఎందుకంత శ్రమపడ్డాడో వారికి కొంత తెలుస్తుంది. రెండోది, పేరు చుట్టూ గీసే కోలచట్రం రాజులు, రాణుల పేర్లకే ఉండేది. దాన్ని పిల్లలకు చెప్పి ఆ తర్వాత వారి పేర్లకూ గీయనివ్వండి. పక్షులూ మనుషులూ వాక్యం మొదలయ్యే వైపుకే ముఖం పెట్టి ఉంటారన్న నియమం మరువకండి. చాలా చార్టుల్లో దాని ప్రస్తావనే ఉండదు.

ప్రశ్న: మన చేర్యాల పటాలు, లేపాక్షి చిత్రాలు తెలియని పిల్లలకు ఎక్కడో ఆఫ్రికాలోని ఈజిప్టు బొమ్మలు నేర్పడం నాకు బాధ కలిగిస్తోంది. ముందు మనది నేర్పవద్దా?
— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సికింద్రాబాద్

జవాబు: అయ్యా, మీ బాధ మాకూ ఉంది. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల లోపే ఉన్న చేర్యాల గురించి ఒక్క పాఠం కూడా వినకుండా అయిదో తరగతి దాటే పిల్లలు నగరంలో ఎందరో ఉన్నారు. అయితే ఈ రెండిటిలో ఒకటి ముందా, ఒకటి వెనకా అనుకోకుండా, రెండిటినీ ఒకే వారంలో పక్కపక్కన పెట్టమని మా మనవి. అలా పెట్టినప్పుడు చేర్యాల పటం కూడా పిల్లలకు మరింత బాగా కనిపిస్తుంది.

రెండిటిలోనూ కథ అడ్డపట్టీలుగా సాగుతుంది. రెండిటిలోనూ ముఖ్యుడు పెద్దగా, పరివారం చిన్నగా ఉంటారు. ఈ పోలికలను పిల్లలే చెబుతారు. ఆ తర్వాత మీవంటి పెద్దలు తేడా దగ్గరికి తీసుకురావాలి. చేర్యాల నకాశీలు (పటాలు వేసే చిత్రకారులు) చింతగింజల గంజి, సుద్దమట్టి పట్టించిన గుడ్డమీద ఎర్రని నేపథ్యంతో వేసే పటం, ఊరి నడుమ కథకుడు పాడుతూ ఒక్కొక్క మడతా విప్పి, ఎదురుగా కూర్చున్న జనానికి చూపించడానికి ఉద్దేశించినది. మార్కండేయ పురాణం అలా రాత్రంతా చెబుతారు. తీబ్స్ సమాధిలోని చిత్రం, తలుపు మూసేశాక, చనిపోయినవారికి తోడుగా ఉండడానికి ఉద్దేశించినది. ఒకే అమరిక అంత భిన్నమైన రెండు అవసరాలకు ఎలా ఉపయోగపడిందన్న ప్రశ్నకు మీ అనుభవంతో మీరే పిల్లల దగ్గర కూర్చొని జవాబు చెప్పించగలరు. మీ పేటలోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, నెలకు ఒక్క శనివారం ఆ పాఠం చెబుతానని ప్రధానోపాధ్యాయులను అడగండి. పటం ఫోటోలు రెండు, సమాధి చిత్రం ప్రింటు ఒకటి, గళ్ల కాగితాలు కొన్ని ఉంటే మొదటి తరగతికి సరిపోతాయి.